వార్త మనది, పేరెవరిది?

నచ్చిన సినిమా ఏదని జర్నలిస్టుల్ని అడిగితే చాలామంది 'ఆల్ ద ప్రెసిడెంట్స్ మెన్' (1976) అంటారు. కొల్లాపూర్‌లో ఒక పేపరుకి కంట్రిబ్యూటర్‌గా చేసే మా అన్న కూడా అదే అన్నాడు. మన దిక్కు విలేఖరి సినిమా అంటే 'పీప్లీ లైవ్' (2010) కదా అన్నాను నేను. "అది టీవీ చానెళ్ల మీద జోకు తమ్మీ, పేపర్ సినిమా ఎట్లయితది?" అన్నాడు. ఆ మాటతో రెండూ మళ్లీ చూశాను.

వాటర్‌గేట్ సినిమాలో ఛేజింగులు లేవు. ఫోన్లు, నోట్‌బుక్కులు, తలుపు తడితే మొహం మీద మూసేయడాలు. దర్శకుడు పకులా వీటితోనే ఉత్కంఠ పుట్టించాడు. అయితే ఈసారి నన్ను ఆపింది ఒక చిన్న ఆఫీసు గొడవ. వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ ఇద్దరూ సిటీ వార్తలు రాసే కుర్రాళ్లు. కథ పెద్దదయ్యాక, దాన్ని సీనియర్లకి ఇచ్చేద్దామన్న మాట వస్తుంది. వాళ్ల డెస్క్ ఎడిటర్ రోసెన్‌ఫెల్డ్ పట్టుబట్టి కథని వీళ్ల దగ్గరే ఉంచుతాడు. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే సినిమాయే లేదు. కింది స్థాయి రిపోర్టర్ చేతిలో వార్త మిగలడమే ఇందులో అసలు విజయమనిపించింది.

'పీప్లీ లైవ్'లో అది మిగలదు. అప్పులపాలైన రైతు నత్తా ఆత్మహత్య చేసుకుంటాడట అన్న సంగతి మొదట రాసేది రాకేశ్ (నవాజుద్దీన్ సిద్దిఖీ). ఊరి విలేఖరి. తర్వాత ఢిల్లీ చానెళ్లు దిగుతాయి. ఇంగ్లిష్ చానెల్ యాంకర్ నందితకి దారి చూపించే మనిషిగా మిగులుతాడతను. మట్టి తవ్వుకుని బతికే హోరీ మహతో గుంతలోనే చనిపోతే, ఇతను వార్త ఎందుకు కాడని అడిగేది కూడా రాకేశే. చివర్లో పేలుడులో కాలిపోతాడు. ఆ శవాన్ని నత్తాదే అనుకుంటారు. తన చావు వార్తలో కూడా అతని పేరుండదు!

దర్శకురాలు అనూషా రిజ్వీ గతంలో టీవీ జర్నలిస్టు. చానెళ్ల హడావిడి ఆమెకి బాగా తెలుసు, అక్కడ సినిమా భలే నవ్విస్తుంది. కానీ రాకేశ్‌కి దక్కినవి కొద్ది సీన్లే. అతని ఇల్లేమిటో, జీతమెంతో మనకి తెలీదు. నందిత మర్చిపోయినట్టే సినిమా కూడా అతన్ని సగం మర్చిపోయింది. అన్న చెప్పిన అభ్యంతరంలో నిజం ఇక్కడుంది.

ఆ ఖాళీలోనే మన మండల విలేఖరులున్నారు. నిక్సన్ దిగిపోయిన మర్నాడే, 1974 ఆగస్టు 10న, విశాఖలో 'ఈనాడు' మొదలైంది. 1989లో జిల్లా పేజీలొచ్చాయి. పల్లె వార్తకి చోటు దొరికింది, రాసే మనిషికి మాత్రం చాలాచోట్ల జీతం లేదు. వార్త నిడివిని బట్టి నాలుగు రూపాయలు, పైగా ప్రకటనలు తేవాల్సిన బాధ్యత. రెండు సోర్సులతో సరిచూసుకోమని చెప్పడం తేలికే. దానికి టైం, వెనక నిలబడే ఎడిటర్ కావాలి. వుడ్‌వర్డ్‌కి అవి ఉన్నాయి, రాకేశ్‌కి లేవు.

చివరి షాట్లలో నత్తా నగరం అంచున బిల్డింగ్ పనిలో కూలీగా కనిపిస్తాడు. పాలమూరు లేబర్ అన్న మాట వింటూ పెరిగినవాళ్లకి ఆ మొహం కొత్త కాదు. వలసపోయిన రైతు మీద మనకి కథలున్నాయి, పాటలున్నాయి. అతని సంగతి మొదట రాసిన కంట్రిబ్యూటర్ మీద తెలుగులో ఒక్క మంచి సినిమా అయినా రావాలి. అందులో రోసెన్‌ఫెల్డ్ ఉంటాడా లేడా అన్నదే కథ.