స్వర్గబ్రహ్మ గోడల దగ్గర

అలంపురం చౌరస్తాలో బస్సు దిగేవాళ్లలో ఎక్కువమంది జోగులాంబ భక్తులే. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి కదా, అమ్మను చూడకుండా ఎవరు తిరిగిపోతారు! విరబోసిన జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం. ఇల్లు పాడుబడితే చేరేవాటినన్నిటినీ తన తల మీదికి తీసుకుని కూర్చుంది తల్లి. భయమూ భక్తీ ఇంతగా ఒకటైపోయిన రూపం నేనింకోచోట చూడలేదు. పాత గుడి దండయాత్రల్లో కూలిపోతే అమ్మవారు శతాబ్దాలపాటు బాలబ్రహ్మ ఆలయంలోనే పూజలందుకుంది. 2005లో మళ్లీ సొంత గుడికి చేరింది.

ఆ పక్కనే నవబ్రహ్మలున్నారు. పేరుకు బ్రహ్మలు, లోపల మాత్రం శివలింగాలు. కుమార, అర్క, వీర, బాల, స్వర్గ, గరుడ, విశ్వ, పద్మ, తారక. బాదామి చాళుక్యుల కాలపు గుళ్లు ఇవి, పదమూడు వందల ఏళ్ల నాటివి. తారకబ్రహ్మ ఒక్కటే ద్రావిడ పద్ధతిలో ఉంటుంది. మిగతా ఎనిమిదింటికీ ఉత్తరాది రేఖా శిఖరాలే. నిటారుగా లేచి, పైకి పోయేకొద్దీ మెల్లగా లోపలికి ఒంగి, చివర ఉసిరికాయ ఆకారపు ఆమలకాన్ని నెత్తిన పెట్టుకుంటాయి. తుంగభద్ర ఒడ్డున, మన ఎండలో, ఒడిశా దాకా పోయి చూడాల్సిన తీరు!

తొమ్మిదింటిలో నా మనసు స్వర్గబ్రహ్మదే. వినయాదిత్యుని కాలం (681–696) నాటి శాసనం ఉన్న గుడి. మూలమూలనా దిక్పాలకులు తమ తమ దిక్కుల్లో కాపలా ఉన్నారు. గూళ్ల పక్కన గంధర్వ దంపతులు మోకాళ్లు వెనక్కి మడిచి ఎగురుతున్నారు. రెక్కలు లేవు. ఆ నడుం వంపు, వెనక్కి పోయిన కాలు, గాలికి చెదిరినట్టున్న వస్త్రం చాలు, రాయి బరువు మరిచిపోతాం. వాళ్ల చుట్టూ శిల్పి గోడను ఖాళీగా వదిలేశాడు. ఆ ఖాళీయే వాళ్లకు ఆకాశమైంది. పాలంపేట గుడిలోని నల్లరాతి నునుపంటే నాకూ ఇష్టమే, కానీ అక్కడ కంటికి ఊపిరాడదు. ఇక్కడి ఇసుకరాయికి ఆ మెరుపు లేదు, గరుకుతనమే ఉంది. శిల్పి ఆ గరుకులోంచే మెత్తదనం పుట్టించాడు.

విశ్వబ్రహ్మకు వెళితే పంచతంత్ర కథలు రాతికెక్కి కనిపిస్తాయి. శివుడి గుడి గోడ మీద జంతువుల కథలేమిటని ఏడో శతాబ్దంలో ఎవరూ అడిగినట్టు లేదు! ఊళ్లోని మ్యూజియంలో తల ఉండాల్సిన చోట విరిసిన పద్మంతో ఉన్న లజ్జాగౌరి ముందు మాత్రం తీరిగ్గా నిలబడాలి. ముఖమే లేని ఆ శిల్పంలో ఉన్నంత ప్రాణం ఎన్నో అందమైన ముఖాల్లో ఉండదు.

ఊరికి నీటి గండమూ వచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు వెనుక నీళ్లు ముంచేస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి గుళ్లను రాయి రాయీ విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అలంపురానికి అడ్డుగా నది పక్కన రక్షణ గోడ కట్టారు. గుళ్లు బతికాయి, నది కనిపించకుండా పోయింది. ఏటి గాలి తగలాల్సిన గుడికి ఇది చిన్న నష్టం కాదు.

ఊరికింత పేరు రావడంలో గడియారం రామకృష్ణశర్మగారి పాత్ర పెద్దది. శాసనాలు చదివి, తన ఊరి చరిత్రను తెలుగువాళ్లకు చెప్పిన పండితుడాయన. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఈసారి జోగులాంబ దర్శనానికి వెళితే, ప్రసాదం తీసుకున్నాక బస్సుకు తొందరపడకండి. స్వర్గబ్రహ్మ చుట్టూ బయటినుంచి, గోడలు చూస్తూ, ఒక్క ప్రదక్షిణ చేయండి.