వేసవిలో పడుకునే మొక్క

వేంపల్లె నుంచి ఇడుపులపాయ వచ్చే దారిలో ఈ వారం ఒక మొక్కల బండి ఆపించాను. చిక్కటి ఊదారంగు ఆకులు, కాడకు మూడేసి, పొద్దు వాలితే గొడుగులా ముడుచుకునేవి. ఆక్సాలిస్ అట. "గడ్డి ఎందుకు సారూ మీకు? ఇది నాటితే నేలంతా పరుచుకుంటాది" అన్నాడు బండి అబ్బాయి. గడ్డి వద్దన్నందుకు సంతోషమేసింది. నేలంతా అన్నందుకు ఒళ్లు మండింది.

పాత పాఠకులకు నా ఒళ్లుమంట కొత్త కాదు. గండి దగ్గర పాపఘ్ని కొండను చీల్చుకుని పారే ఈ తావులో, మే నెలలో బండరాయి ముట్టుకుంటే చెయ్యి కాలే చోట, కొరియన్ గడ్డికి పూటపూటా తడి పెట్టేవాళ్లను ఎన్నిసార్లు దులిపానో మీకే తెలుసు. గడ్డి మాని వెడేలియా వేసుకున్నవాళ్లనూ వదల్లేదు. పచ్చటి పూలు బాగానే పూస్తుంది. ప్రపంచంలోకెల్లా చెడ్డ 100 చొరబాటు జాతుల జాబితాలోనూ ఉంది.

ఈ ఊదా ఆక్సాలిస్ పుట్టిల్లు బ్రెజిల్ వైపు. దాని చుట్టం మన పెరట్లోనే ఉంది, పైసా ఖర్చు లేకుండా. అదే పులిచింత.

మా అవ్వ దాన్ని ఏనాడూ కలుపు అనలేదు. బావి గట్టున నీళ్లు పారే చోట పచ్చగా అల్లుకునేది. పండగ ముందు రోజు గుప్పెడు ఆకు నలిపి, ఇంత మన్ను కలిపి రాగి బిందెలు తోమేది. అందులోని ఆగ్జాలిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుందని నాకు తెలిసింది కాలేజీలో. అవ్వకు తెలిసిందల్లా బిందె తళతళలాడుతుందని. మిగిలిన ఆకు కంది బేడల్లో పడేది; ఆ రోజు పప్పులోకి చింతపండు తీసేవాళ్లు కాదు. (మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు ఈ పప్పుకు దూరం ఉండాలి. చెప్పలేదనొద్దు.) పిల్లలం మాకు ఆకు కంటే కాయ ముద్దు. ముదిరిన కాయను వేలితో తాకితే చిటుక్కున పగిలి గింజలు మొహం మీదికి ఎగిరేవి. ఎవరి కాయ గింజ ఎంత దూరం పోయిందో కొలవడానికి బడి ఎగ్గొట్టిన రోజులున్నాయి. ఆ ఆకుల మీదే గుడ్లు పెట్టే బుల్లి నీలి సీతాకోకచిలుకలు మా మోకాళ్ల ఎత్తులో తిరిగేవి. వాటి గొంగళిపురుగుల తిండి పులిచింతే.

కాబట్టి బ్రెజిల్ మొక్క ఎందుకు, పులిచింతే నేల నిండా పెంచుకోండి అని ఈ వారం రాయాలి. రాయబోయే ముందు తోటలోకి వెళ్లి, అది ఎక్కడెక్కడ ఉందో చూశాను. చీనీ చెట్టు కింద డ్రిప్పు పైపు కారే చోట ఉంది. కుండీల్లో ఉంది. తొట్టి పక్కన ఉంది. జానెడు అవతల, తడి అందని ఎర్రనేలలో ఒక్క ఆకు లేదు. వేసవిలో దాన్ని నేల నిండా నిలబెట్టాలంటే గడ్డికి పోసినన్ని కాకపోయినా నీళ్లు పోస్తూనే ఉండాలి.

ఊదాది అలా కాదు. ఎండ ముదిరితే ఆకు రాల్చి మట్టిలోని పొలుసుల దుంపలోకి పోయి పడుకుంటుంది. చచ్చిందనుకుని పారేయకూడదు, బతికించాలని నీళ్లూ పోయకూడదు, దుంప కుళ్లుతుంది. కుండీ నీడన పెట్టి, వానలు పడి వేడి తగ్గాక తడిపితే మళ్లీ చిగురిస్తుంది. నీళ్లు లేనప్పుడు నీళ్లు అడగని మొక్క! నాటు మొక్కల గొప్ప చెప్పి ఇన్నేళ్లు కాలమ్ నడిపిన నేను ఒక పరదేశి మొక్కకు ఓటేస్తున్నాను. అయితే వసారాలో కుండీకే. బయట మిట్టమధ్యాహ్నపు ఎండకు అది ఆగదు, నేలంతా పరుచుకోదు. నేలకు రాలిన వేపాకు కప్పు చాలు, దానికి తడి అక్కర్లేదు.

బండి అబ్బాయి దగ్గర కుండీ కొన్నాను. తోటపనికి వచ్చే ఆమె చీనీ కింద పులిచింత పీకి, పారేయకుండా కొంగులో వేసుకుంటూ కుండీ వైపు చూసింది. "ఇది గూడ పప్పులోకి పనికొస్తాదా అన్నా?" అంది. పుల్లగానే ఉంటుంది గానీ నర్సరీవాళ్లు ఏ మందు కొట్టారో, ఇప్పుడే వద్దన్నాను.