గీత మీద చుక్కలు

సిద్ధాంతానికీ ప్రయోగానికీ పొత్తు కుదిరినదని చెప్పటానికి కణ భౌతికశాస్త్రజ్ఞులు తరచు ఒక పటం చూపిస్తారు. లెక్కలో వచ్చినది గీత, ప్రయోగంలో దొరికినవి చుక్కలు. చుక్కలన్నీ గీతమీద కూర్చుంటవి, చూపరి తృప్తిపడతాడు. ఈ తృప్తి ఎంతవరకు తగునో విచారించవలసి ఉన్నది.

ప్రోటానులు మహావేగంతో ఢీకొన్నప్పుడు వాటిలోని క్వార్కులు, గ్లువానులు ఒక్కొక్కప్పుడు పక్కకు చిమ్మబడతవి. అవి ఒంటరిగా బయటపడలేవు. కణాల గుంపుగా మారి ఒకే దిక్కుకు పరుగెత్తుతవి. ఈ గుంపే జెట్టు. శక్తి పెరిగినకొద్దీ జెట్టుల సంఖ్య అతివేగంగా పడిపోతుంది గనుక పటాన్ని సంవర్గమాన కొలతలో గీయక తప్పదు. చిక్కంతా అక్కడనే ఉన్నది. గడికి పదిరెట్లు చొప్పున గీసిన పటంలో నూటికి ఇరవై వంతుల తేడా గడిలో పన్నెండవ వంతు కూడా ఉండదు. చుక్క లావులోనే మరుగుపడుతుంది. ప్రయోగఫలితాన్ని లెక్కతో భాగించి, ఆ నిష్పత్తిని మామూలు కొలతలో గీస్తేగాని గుట్టు బయటపడదు.

అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాలలో 1,800 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఉమ్మడి శక్తితో ప్రోటానులనూ ప్రతిప్రోటానులనూ ఢీకొట్టించి, సి.డి.ఎఫ్. బృందంవారు 1996లో ప్రకటించిన ఫలితంలో ఈ తేడా స్పష్టంగా కనిపించినది. 200 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన జెట్టులు లెక్కకంటె ఎక్కువ! క్వార్కు లోపల ఇంకా చిన్న కణాలున్నవా అన్న ఊహ లేచింది. 1911లో రూథర్‌ఫర్డు పెద్దకోణాలలో చెదరిన ఆల్ఫా కణాలను బట్టియే కదా పరమాణు కేంద్రకాన్ని ఊహించినాడు.

కాని లెక్క అనేది ఒక్క వస్తువు కాదు. ప్రోటాను శక్తిలో గ్లువానుల వాటా ఎంత అన్నది ఇతర ప్రయోగాలనుంచి ఎరువు తెచ్చుకోవలసినదే. ఆ శక్తిలో పెద్దభాగం మోసే గ్లువానులను గురించి అప్పటికి తెలిసినది స్వల్పం. వాటి సంఖ్యను పెంచి చూడగానే గీత లేచి చుక్కలను అందుకున్నది. అదేచోట పనిచేసిన డి-జీరో బృందం కొలతలు దోషపరిమితిలో సిద్ధాంతంతోనే పొసగినవి.

నా ఆక్షేపణ ఇక్కడ. చుక్కలను చూచి సర్దిన గీత ఆ చుక్కలకే సాక్ష్యం చెప్పరాదు. వేరొక ప్రయోగంలో నిలవాలి. 'పిథియా', 'హెర్విగ్' వంటి కంప్యూటరు ప్రోగ్రాములు క్వార్కు జెట్టుగా మారే ఘట్టాన్ని పూర్వప్రయోగాలకు శ్రుతిచేసిన సంఖ్యలతోనే నడుపుతవి. పైగా పరికరపు దోషాలను సవరించటానికీ ఇట్టి అనుకరణలనే వాడతారు. అంటే చుక్క సైతం పూర్తిగా స్వతంత్రం కాదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ చిన్న లెక్క చేయించవచ్చు. ఒక శక్తిని మించిన జెట్టుల సంఖ్య ఆ శక్తియొక్క ఆరవ ఘాతానికి విలోమానుపాతంలో ఉన్నదనుకొనండి. పరికరం శక్తిని నూటికి ఒక వంతు హెచ్చుగా చూపితే, జెట్టులు నూటికి ఆరు వంతులు హెచ్చుగా కనిపిస్తవి.