పదకొండూ ఇరవైకే మధ్యాహ్నం

అండమాన్ దీవుల్లోని చౌల్దారీలో దిగిన నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి నేను బడి తెరిచాను. బడి అంటే వంటింటి బల్ల, రెండు పెన్సిళ్ళు, గోడకి అంటించిన టైమ్‌టేబుల్. వైజాగ్‌లో మా ఇంటి గోడ మీంచి దాన్ని చిరక్కుండా ఊడదీసి, చుట్ట చుట్టి, మూడు రోజుల ఓడ ప్రయాణంలో చేతిసంచీలో పెట్టుకుని తెచ్చాను. పదిన్నరకల్లా ఏడేళ్ళ పెద్దపిల్ల లెక్కల పుస్తకం మీద తలపెట్టి ఏడుపు. ఐదేళ్ళ చిన్నాడు బల్ల కింద దూరి రానంటే రానన్నాడు. పదకొండయ్యేసరికి నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిల్లలిద్దరికీ రెండేళ్ళుగా ఇంట్లోనే చదువు చెబుతున్నాను. ఇల్లు మారడం ఇదే మొదలు. మధ్యలో నెల రోజులు సర్దుళ్ళతోనే గడిచిపోయాయి. ఆ నెల ఖాళీ వల్ల పిల్లలు పాడైపోయారనీ, గట్టిగా కూచోబెడితే దారిలోకి వస్తారనీ నా లెక్క. మూడు రోజులు అలాగే కూచోబెట్టాను. చిన్నాడు ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టాడు. రాసేవాడు కాస్తా ‘క’ని ఎటునించి మొదలెట్టాలో మర్చిపోయాడు.

పక్కింటి పిన్ని శ్రీకాకుళం జిల్లా మనిషి. పెళ్ళి కాగానే ఓడెక్కి ఇక్కడికొచ్చింది. ఈ దీవుల్లో అలాంటివాళ్ళు తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు నూటికి పదమూడు మంది. ఆవిడ మా గుమ్మంలోకి తొంగి చూసి, ‘ఏటమ్మా, గుంటల్ని బడిలో ఎయ్యలేదేటి?’ అంది. ఇంట్లోనే చెబుతున్నానన్నాను. ‘అలాగ సెప్పొచ్చేటి? పోలీసులు రారేటి?’

ఆవిడకి నేను తడబడుతూ చెప్పిన జవాబు మీకు కాస్త సరిగ్గా చెబుతాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి చదువుని హక్కు చేసింది. ఇష్టపడి ఇంట్లో చెప్పుకునే తల్లిదండ్రులకి ఆ చట్టం అడ్డు కాదని కేంద్రమే 2012లో ఢిల్లీ హైకోర్టుకి చెప్పింది. రేపు ఏదో ఒక సర్టిఫికెట్టు కావాలంటే, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 3, 5, 8 తరగతులకి సమానమైన పరీక్షలు పెడుతుంది. పోలీసులు రారు.

పిన్ని ఆ విషయం అక్కడితో వదిలేసి అసలు ప్రశ్న అడిగింది. ‘పిల్లలు ఎన్నింటికి లేస్తన్నారు?’ ఐదు కాకుండానే లేచి కూచుంటున్నారని మొర పెట్టుకున్నాను. ‘మరి తొమ్మిదింటికి సదువు అంటే ఆళ్ళకి మద్దేనం అయిపోద్ది గదమ్మా.’

ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, భూగోళం పాఠంలో చదువుకున్నదే. దేశమంతటికీ ఒకటే గడియారం, 82.5 డిగ్రీల రేఖాంశానిది. వైజాగ్ ఆ గీతకి ఆనుకునే ఉంటుంది కనక అక్కడ గడియారానికీ సూర్యుడికీ పెద్ద పేచీ లేదు. చౌల్దారీ 93 డిగ్రీలకి దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, సూర్యుడు ఇక్కడ గడియారం కంటే నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. జూన్‌లో ఐదు కొట్టకముందే పొద్దు పొడుస్తుంది, పావుతక్కువ ఆరుకి కుంకిపోతుంది. మేం వెంట తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్‌లో సూర్యోదయం ఐదున్నర దాటాక అని ఉంటే, పెద్దది దాన్ని చూసి, ‘అమ్మా, క్యాలెండర్ అబద్ధం చెబుతోంది. ఐదున్నరకి సూర్యుడు కొబ్బరిచెట్టు ఎక్కేశాడు’ అంది.

ఆ సాయంత్రమే టైమ్‌టేబుల్ గోడ మీంచి తీసేశాను. అది వైజాగ్ సూర్యుడికి రాసుకున్నది.

తర్వాత రెండు వారాలు చదువన్న మాటే ఎత్తలేదు. ఒక్కటి తప్ప. వైజాగ్‌లో ఆరింటికి పిల్లలు ఇంకా వీధిలో ఆటల్లో ఉండేవారు. ఇక్కడ ఆరుంబావుకి చీకటి, బయట వాన, అప్పుడప్పుడూ కరెంటు కూడా ఉండదు. పడుకునేదాకా బోలెడు సాయంత్రం మిగిలిపోయేది. చేతిసంచీలో వచ్చింది ఒక్క కథల పుస్తకమే. టార్చిలైటు వేసుకుని దాన్నే నాలుగుసార్లు చదివాం. మూడోసారికి చిన్నాడు పేజీ తిప్పకముందే తర్వాతి వాక్యం చెప్పేస్తున్నాడు. మిగతా పుస్తకాల పెట్టె ఐదు వారాలు ఆలస్యంగా, సగం బూజుతో వచ్చింది. అది వేళకి వచ్చి ఉంటే నేను ఆ ఐదు వారాలూ పిల్లలతో యుద్ధమే చేసి ఉండేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

మూడో వారం లెక్కలు వచ్చాయి, వానతో. ఖాళీ పాలపొడి డబ్బా పెరట్లో పెట్టి రోజూ పొద్దున స్కేలుతో కొలవడం మొదలెట్టాం. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. అంటే ఎంతో పెద్దదానికి అర్థం కాలేదు. గోడ పక్కన నిలబెట్టి, ఈ గది నేల నుంచి పైకప్పు దాకా అని చెప్పాను. వాళ్ళిద్దరూ చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయారు. రాత మాత్రం అన్నిటికన్నా చివర వచ్చింది, అది కూడా తాతయ్యకి ఉత్తరంగా. చిన్నాడు రాయలేదు, ఓడ బొమ్మ గీశాడు. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండడానికి పడ్డ కష్టం ఉత్తరం రాయడానికి పెద్దది పడ్డ కష్టం కన్నా తక్కువేం కాదు. హిందీ విషయంలో నాకసలు పనే లేకపోయింది. వీధిలో రాంచీ పిల్లలూ, బెంగాలీ పిల్లలూ, అరవ పిల్లలూ అందరూ ఆడుకునేది అందులోనే. నెలన్నరలో నా వాక్యాలు దిద్దే స్థాయికి వచ్చారు వెధవలు.

ఇల్లు మారినవాళ్ళకి ఇంకో జబ్బు ఉంటుంది, నాకూ వచ్చింది. కొత్త ఊళ్ళో కనబడ్డ ప్రతిదాన్నీ పాఠం చేసేయడం. టౌనుకి బస్సులో పోతుంటే సిప్పీఘాట్ దగ్గర నీళ్ళ మధ్య మోడువారిన చెట్లు కనిపిస్తాయి. ఒకప్పుడు అవి వరిపొలాలు. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు దిగింది. సముద్రపు నీళ్ళు లోపలికొచ్చి ఉండిపోయాయి. నేను ఇదంతా మొదలెట్టేసరికి పెద్దది కిటికీ వైపు తిరిగి, ‘అమ్మా, బాతుల్ని చూడనీ’ అంది. నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రం తనే పిన్ని దగ్గరికెళ్ళి ఆ నీళ్ళు ఎక్కడివని అడిగింది. పిన్ని చెప్పింది నా పాఠంలో లేదు. ఆ రోజు ఆవిడ కొండ మీదికి ఏం పట్టుకుని పరిగెత్తిందో చెప్పింది. బియ్యం డబ్బా, దేవుడి పటం, ఒక కోడి.

ఇప్పుడు మా బడి ఆరుంబావుకి మొదలై ఎనిమిదికి అయిపోతుంది. అప్పుడు ఇడ్లీ తిని వీధిలోకి. పదకొండు దాటాక, వాన తెరిపిచ్చిన రోజుల్లో ఒక్క పని ఉంటుంది. పెరట్లో మీటరు కర్ర పాతి పావుగంటకోసారి దాని నీడ చివర గులకరాయి పెట్టడం. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండేది పన్నెండుకి అని నేను ధీమాగా చెప్పాను. తప్పు. పదకొండూ ఇరవై, ఇరవై ఐదు మధ్యలో. క్యాలెండర్‌తో పాటు ఇప్పుడు నేనూ అబద్ధాల ఖాతాలో చేరాను. జూన్ ఆఖర్లో ఆ పొట్టి నీడ జానెడు, దక్షిణానికి. నిన్నటికి నాలుగు వేళ్ళు. ఎందుకు తగ్గుతోందని పెద్దది అడిగితే, ఆగి చూడమన్నాను.

ఆగస్టు 22కి అటూఇటూగా సూర్యుడు సరిగ్గా చౌల్దారీ నెత్తిమీదికి వస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం కర్రకి నీడ ఉండదు. పిల్లలకి ఇంకా చెప్పలేదు. పదకొండూ ఇరవై నుంచి ఓ పది నిమిషాలు మబ్బు పట్టకుండా ఉంటే చాలు.