పాత్రకు రుచి తెలియునా?

నటుడు తాను ధరించిన పాత్రలో కరగిపోవలెనా, లేక వెలుపల నిలిచి దానిని నడిపింపవలెనా అన్న ప్రశ్న మన అలంకారశాస్త్రంలో చాల పాతది. క్రీ. శ. 1000 ప్రాంతంలో కాశ్మీరదేశంలో నాట్యశాస్త్రానికి 'అభినవభారతి' అనే వ్యాఖ్య రచించిన అభినవగుప్తుడు దీనికి చమత్కారమైన సమాధానం చెప్పినాడు. నటుడు రసాస్వాదానికి సాధనం మాత్రమే. అందుచేతనే అతనికి పాత్రమని పేరు. మద్యం గిన్నెలో ఉంటుంది గాని దాని రుచి గిన్నెకు తెలియదు, త్రాగేవానికే తెలుస్తుంది. తెలుగులో 'పాత్ర' అన్న మాటకు గిన్నె అనీ, నాటకంలోని వ్యక్తి అనీ రెండర్థాలు నేటికీ నిలిచి ఉన్నవి గనుక ఈ మాటలోని సొగసు మన పాఠకులకు వివరింపనక్కరలేదు.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టే కళ ఒకటి గత అర్ధశతాబ్దిలో పాశ్చాత్యదేశాలలో పుట్టి పెరిగినది. దానికి రంగస్థలం లేదు, తెర లేదు, వేషం లేదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారి. లోకాన్నీ, అందులోని శత్రుమిత్రులనూ వర్ణించే భారం అతనిది. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను కల్పించుకొని, ఆ పాత్ర బలాబలాలను అంకెలలో కాగితంపై వ్రాసుకొని, దాని తరఫున మాటలాడుతారు. ఫలితం సందిగ్ధమైనచోట పాచికలు వేస్తారు. ముందుగా వ్రాసిన కథ పూర్తిగా లేదు. మాటలాడుతూ ఉండగానే కథ పుడుతుంది. దీనికి టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అని పేరు. మనం పాత్రక్రీడ అందాము.

దీని వంశం వెదకితే యుద్ధక్రీడలు కనబడుతవి. 1824లో ప్రష్యా సైన్యాధికారుల శిక్షణకు రైస్విట్జ్ సిద్ధపరచిన క్రీడలో పటాలూ, పాచికలూ, తీర్పరీ ఉన్నారు. పాత్ర మాత్రం లేదు. 1969లో అమెరికాలో డేవిడ్ వెస్లీ ఒక యుద్ధక్రీడలో సేనలకు బదులు ఊరిలోని మనుష్యులను ఒక్కొక్కరికి అప్పగించినాడు. ఆ దారినే నడచి 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రకటించినారు. గ్రంథకర్తలు దానిని యుద్ధక్రీడగానే పరిచయం చేసినారు. కాని ఒక సేన బదులు ఒక్క మనిషిని చేతికిచ్చిన తరువాత ఆటగాడు ఆ మనిషి మనస్సులోకి తొంగిచూడకుండా ఉండలేడు. అట్లు లెక్కల ఆటనుండి నటన పుట్టినది.

ఆటగాడు "నేను తలుపు తీస్తున్నాను" అంటాడు. ఈ 'నేను' ఎవరు? తలుపు లేదు, తీసే చేయి బల్లమీద ఊరకే ఉన్నది. ప్రాచీనుడైన శంకుకుడు ప్రేక్షకుని దృష్టిలో నటుని గూర్చి చెప్పినమాట ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. చిత్రంలోని గుఱ్ఱాన్ని చూచినప్పుడు కలిగే జ్ఞానం నిజం కాదు, భ్రాంతి కాదు, సందేహం కాదు, పోలిక కూడ కాదు అన్నాడతడు. అభినవగుప్తుడు ఆ వాదాన్ని అంగీకరింపలేదు. అయినా ఆటగాని 'నేను'కు అంతకంటె తగిన వర్ణన నాకు దొరకలేదు. 1983లో ఈ క్రీడలపై గ్రంథం వ్రాసిన సమాజశాస్త్రజ్ఞుడు గ్యారీ అలన్ ఫైన్ కూడ బల్లవద్ద కూర్చున్న ఒక్కనిలో వ్యక్తి, ఆటగాడు, పాత్ర అనే మూడు అంతస్తులను గుర్తించినాడు. మాట ఏ అంతస్తునుండి వచ్చినదో తోడివారు చిటికెలో గ్రహిస్తారు.

ఇక్కడ ప్రేక్షకుడు వేరుగా లేడు. పోసేవాడూ, గిన్నే, త్రాగేవాడూ ఒక్కరే. కనుక అభినవగుప్తుని ఉపమానం చెల్లదని తోస్తుంది. ఈ ఆట ఆడేవారిలో ఒక పక్షం అట్లే వాదిస్తుంది: పాత్ర చూచినదే చూడవలెను, దానికి తెలిసినదే తెలియవలెను, పాచికల చప్పుడు కూడ తన్మయత్వానికి విఘ్నమే. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. పాత్ర దుఃఖానికి ఆటగాని గొంతు నిజంగా పట్టుకొన్న క్షణం ఈ కళలో అపురూపమైనది.

కాని నియమం తన్మయత్వానికి శత్రువన్నమాట నేనొప్పను. 1981లో శాండీ పీటర్సన్ రచించిన 'కాల్ ఆఫ్ క్తుల్హు' అన్న క్రీడలో పాత్ర యొక్క మతిస్థిమితానికి ఒక అంకె ఉన్నది. ఘోరదృశ్యాలు చూచినకొలది అది తరుగుతుంది. తన చేతితోనే ఆ అంకెను తుడిచి తక్కువ అంకె వేసే ఆటగానికి కలిగే భయం, వర్ణన వలన మాత్రమే కలిగేది కాదు.

మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం కర్ణాటక తీరప్రాంతపు తాళమద్దళె. యక్షగాన ప్రసంగంలోని పద్యాలను భాగవతుడు పాడుతాడు. అర్థధారులు వేషం లేకుండా ఎదురెదురుగా కూర్చుండి, తమ పాత్రల పక్షాన అప్పటికప్పుడు వచనంలో వాదిస్తారు. శేణి గోపాలకృష్ణ భట్ట వంటివారు ఈ విద్యలోనే కీర్తి గడించినారు. వాలివధలో వాలి రాముని ఎంత గట్టిగా నిలదీసినా ప్రసంగం ముందుకు సాగవలెను. ఎదుటివానికి జవాబు చెప్పే చోటు మిగలవలెను. సభలో శ్రోతలుండడం పెద్ద భేదమే. అయినా వేషం లేకుండా మాటతోనే పాత్ర నిలుస్తుందనీ, అట్లు నిలిచిన పాత్రకు ఎదుటి పాత్ర ఆధారమనీ ఈ కళ మనకు నేర్పుతుంది.

ఈ పాఠం మరచినచోటనే పాత్రక్రీడ చెడుతుంది. దొంగ పాత్ర ధరించినవాడు నిద్రించే సహచరుల సొమ్ము హరించి, అందరి ఆటా పాడుచేసి, "నేనేమి చేయను? నా పాత్ర స్వభావమది" అంటాడు. 1980ల్లో అమెరికాలో ఈ ఆట పిల్లల మతి పోగొడుతుందన్న భయం వ్యాపించినది. ఆ భయం నిరాధారం. అసలు దోషం ఇంతకంటె చిన్నది, ఇంతకంటె తరచైనది. పాత్రలో మునిగినానని చెప్పేవాడు నిజానికి తనలోనే మునిగి ఉంటాడు. స్వభావాన్ని కల్పించినదెవరు? తానే గదా!

అభినవగుప్తుడు చెప్పిన ఏడు రసవిఘ్నాలలో తన సొంత సుఖదుఃఖాలకు వశుడై పోవడం ఒకటి. పాత్ర భావం ఆటగానికీ, ఆటగాని భావం పాత్రకూ అంటడాన్ని ఎమిలీ కేర్ బాస్ 2007 ప్రాంతంలో, తడిసిన బట్ట రంగు పక్కబట్టకు దిగడాన్ని తలపించే పేరు పెట్టినది. ఆ రంగు దిగడమే కొందరికి ఈ ఆటలోని ఫలం. నా దృష్టిలో అది ఫలం కాదు, ముడిసరుకు. స్వంత దుఃఖం బల్లచుట్టూ ఉన్న అందరిదీ అయినప్పుడే రసం. ప్రాచీనులు దీనినే సాధారణీకరణమన్నారు.

కనుక అభినవగుప్తుని ఉపమానం చెల్లకపోలేదు. ఇంకొక రీతిగా చెల్లుతున్నది. ఈ బల్లవద్ద ప్రతివాడూ తోడివానికి గిన్నె. తన పాత్రలోని రుచి తనకు కొంత తెలియవచ్చును. నిండుగా తెలిసేది ఎదుట కూర్చున్నవానికే. 2015 నుండి 'క్రిటికల్ రోల్' పేరిట గాత్రనటుల బృందమొకటి తమ ఆటను అంతర్జాలంలో ప్రసారం చేస్తున్నది. అక్కడ మళ్ళీ ప్రేక్షకులు వచ్చి చేరినారు. కాని ఎవరూ చూడని గదిలో ఆడేవారికి తోడి ఆటగాడే ప్రేక్షకుడు. అతని దాహాన్ని గమనించకుండా తన గిన్నెలోనే మునిగేవాడు ఎంత లోతుకు మునిగినా నటుడు కాలేడు.