గ్యాస్ అయిపోదు

ఎండలు ముదిరితే చాలు, రోడ్ల పక్కన ఫ్లెక్సీలు వేలాడతాయి: ‘కారు ఏసీ గ్యాస్ టాప్-అప్, పది నిమిషాల్లో’. ఈ వారం కంటపడినదానిలో ఇంకో సలహా కూడా ఉంది. ఏటా వేసవికి ముందు గ్యాస్ మార్పించుకోవాలట, ఇంజన్ ఆయిల్ మార్పించినట్టు! కారు ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. పెట్రోలులా మండదు, బ్రేక్ ప్యాడ్‌లా అరగదు. కంప్రెసర్ నొక్కితే వేడెక్కుతుంది, ముందున్న కండెన్సర్‌లో చల్లబడి ద్రవమవుతుంది, డ్యాష్‌బోర్డు వెనకాల కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరై లోపలి వేడిని లాక్కుని కంప్రెసర్‌కే తిరిగొస్తుంది. చిన్న కారులో అది అరకిలో లోపే. తగ్గిందంటే బయటికి దారి దొరికిందన్నమాట. సైకిల్ షాపు కుర్రాడు కూడా ట్యూబును నీళ్లలో ముంచి చూడకుండా పంక్చర్ వేయడు. లక్షల కారుకు ఆ పాటి మర్యాద దక్కడం లేదు.

దారి ఎక్కడుందో వెతకడమే అసలు విద్య. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా పైపుల్లో తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ పోయినచోట ఆయిల్ మరక మిగులుతుంది, దాని మీద దుమ్ము అట్టకడుతుంది. పనితెలిసినవాడు గేజీలు తగిలించకముందే టార్చి వేసి జాయింట్లు, కండెన్సర్ కింది అంచు, కంప్రెసర్ షాఫ్ట్ చుట్టూ చూస్తాడు. గ్యాస్ ఎక్కించే పోర్టులోని చిన్న పిన్ వాల్వ్‌ను మర్చిపోడు. మొత్తం రగడకు ఒక్కోసారి అదే కారణం. తర్వాత నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూస్తాడు, లేదా డై కలిపి అల్ట్రావయొలెట్ లైటుతో వెతుకుతాడు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు గనక లీక్ డిటెక్టర్‌ను పైపు కింది వైపునుంచి పోనిస్తాడు. ‘వ్యాక్యూమ్ నిలిచింది, లీకు లేదు’ అంటే అంతటితో నమ్మడానికి లేదు. వ్యాక్యూమ్‌లో బయటి గాలి లోపలికి నొక్కే బలం చదరపు అంగుళానికి 15 పౌండ్లు. మండుటెండలో ఏసీ నడిచేటప్పుడు లోపలినుంచి బయటికి తోసేది 200 పౌండ్లు దాటుతుంది. మొదటిదానికి ఆగిన రబ్బరు రెండోదానికి ఆగాలని లేదు. ఆపి ఉన్న కారులో గేజీ చూసి గ్యాస్ ఎంతుందో చెప్పడమూ కుదరదు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఆ ముల్లు ఉష్ణోగ్రతనే చెబుతుంది, బరువును కాదు.

‘వెతికించే ఖర్చుతో రెండేళ్లు టాప్-అప్ చేయించుకోవచ్చు కదా’ అనేవారున్నారు. గ్యాస్ తగ్గితే ఆయిల్ కంప్రెసర్‌కు సరిగా తిరిగి చేరదు. అందుకే ప్రెజర్ పడిపోయినప్పుడు కంప్రెసర్‌ను ఆపేసే స్విచ్ పెట్టారు. దానికి వైరుముక్కతో అడ్డదారి వేసి నడిపిస్తే చివరికి కొనాల్సింది కంప్రెసరే. పైగా మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ, బరువుకు బరువు, కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. 450 గ్రాములు గాలిలో కలిపితే 600 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు పైగా వదిలినట్టే. ఇలాంటి వాయువులను తగ్గించుకుంటామని 2016లో కుదిరిన కిగాలి ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది కూడా.

ఇంతదాకా వచ్చాక టాప్-అప్‌ను నిషేధించమనాలి. కానీ అలా అనలేం. రబ్బరు గొట్టాలు, సీళ్లు ఉన్న ఏ ఏసీ అయినా కొంచెం కొంచెంగా గ్యాస్ వదులుతుంది. కఠినమైన చట్టం చేసిన యూరప్ కూడా 2006 నాటి నిబంధనల్లో ఒక కూలింగ్ కాయిల్ ఉన్న కారుకు ఏడాదికి 40 గ్రాముల దాకా ఒప్పుకుంది. ఆ లెక్కన అయిదేళ్లకు 200 గ్రాములు. ఆరో ఏట చల్లదనం తగ్గిన కారుకు డ్యాష్‌బోర్డు విప్పి లీకు కోసం గాలించడం ఉత్త ఆర్భాటం. ఉన్న గ్యాస్ యంత్రంలోకి లాగి, తూచి, అరగంట వ్యాక్యూమ్ పెట్టి, లోపలి తేమ పోయాక కంపెనీ చెప్పిన గ్రాములు ఎక్కిస్తే చాలు. తేల్చాల్సింది లీకు ఉందా లేదా అని కాదు, ఎంత వేగంగా పోతోందని. గ్యాస్ ఎక్కించి ఎన్ని నెలలైంది, ఇప్పుడు యంత్రంలోకి ఎన్ని గ్రాములు వచ్చాయి? ఈ రెండూ తెలిస్తే సగం రోగం తేలినట్టే. ఆరు నెలల్లో సగం మాయమైతే వెతకాలి. కాబట్టి ఆ ఫ్లెక్సీలో తప్పు టాప్-అప్ అన్న మాటలో లేదు, ‘పది నిమిషాల్లో’ అనడంలో ఉంది.

పది నిమిషాలు కావాలన్నదెవరు? ఇక్కడ నా పాత గొడవ ఎత్తక తప్పదు. ఈ కాలమ్ చదివేవారు విసుక్కోకూడదు. బిల్లులో సామాను ధర ఎంతున్నా కిక్కురుమనకుండా ఇస్తాం, ‘లేబర్’ అన్న గీత దగ్గర గొంతు లేస్తుంది. రెండు గంటలు వంగి వెతికి చిన్న ఓ-రింగ్ మార్చినవాడు న్యాయమైన కూలి అడిగితే ‘ఓ-రింగ్‌కు ఇంతా?’ అంటాం. అదే డబ్బు గ్యాస్ పేరుమీద రాస్తే మాట్లాడం. దేనికి డబ్బిస్తామో అదే అమ్ముతున్నాడు, అంతే. వెతికినందుకు ఇంత అని వేరే గీత పెడితే వెతక్కుండానే రాసేస్తారని అనుమానం రావచ్చు, న్యాయమే. అందుకు విరుగుడుంది: నురగలో లేచిన బుడగను, డై మెరిసిన చోటును చూపించమనాలి, తీసిన గ్యాస్ బరువు బిల్లుమీద రాయించుకోవాలి. ఒక్కోసారి ఏ బుడగా లేవదు. అప్పుడు ‘దొరకలేదండీ, డై వేసి పంపుతున్నా, నెల తర్వాత తీసుకురండి’ అన్న మెకానిక్‌కు కూడా ఆ పూట కూలి ఇవ్వాల్సిందే.