ఒగ్గుకథలో డోలువాని స్థానము

హైదరాబాదునకు ఉత్తరముననున్న కౌకూరునుండి శామీరుపేటమీదుగా సిద్దిపేటదారిని బట్టి పోవువారు కొమురవెల్లి మల్లన్నక్షేత్రమును జేరుదురు. ఆ మల్లన్నకథయు, బీరప్ప యెల్లమ్మల కథలును జెప్పు నొగ్గువారు తెలంగాణమున ననేకులు. ఒగ్గనగా శివుని డమరుకము. కావ్యములకు నాయకునిబట్టియు, ఛందస్సునుబట్టియు బేరులు గలుగుట మన మెఱిగినదే. ఇచ్చట వాద్యమునుబట్టి కథకు బేరు గలిగినది. అట్టి కథను నగరసభామందిరములలో నేర్పఱచునపుడు కథకుని ముందునకు దెచ్చి, డోలువారిని వెనుకగోడకో, ప్రక్కతెర చాటునకో తఱుముట కొన్నియెడల గానవచ్చుచున్నది. ఇది వేదికాలంకారమునకు సంబంధించిన యల్పవిషయమని పెక్కండ్ర తలంపు. కాదని నా యభిప్రాయము. డోలువాడు మఱుగుపడినచో కథలో నొకభాగమే లోపించును.

డోలు పక్కవాద్యమనియు, పక్కవాద్యము వెనుక నుండుట శాస్త్రసమ్మతమనియు వాదించువారు భరతుని సాక్ష్యమునకు బిలుతురు. భరతుడు కుతపమును నేపథ్యగృహద్వారములు రెంటి నడుమ నుంచినమాట నిజమే. మృదంగవాదకుడు తూర్పుమొగమై కూర్చుండవలెననియు, పణవ దర్దర వాదకులు వాని కెడమప్రక్క నుండవలెననియు గూడ నాతడు విధించెను. కాని పాత్రలు ఆ ద్వారములగుండనే కదా రంగమున బ్రవేశించును. ఆ రెంటి నడుమ గూర్చున్నవాడు ప్రేక్షకుల కన్నులయెదుట నున్నవాడే. మఱియు పూర్వరంగమున బ్రత్యాహారము మొదలగు తొమ్మిది యంగములు తెరలోపల జరుగును. వాద్యముల నమర్చుకొనుట యందు మొదటిది. పిదప తెర తొలగించి తక్కినవి నడపవలెనని విధి. తెర తీసినపిమ్మట వాద్యకారులు కనబడకుండ నెట్లుందురు? వెనుక నుండుట వేఱు, కానరాకుండుట వేఱు. 1213లో వెలసిన రామప్పగుడి శిల్పములందును నాట్యకత్తెల ప్రక్కనే మద్దెలకాండ్రు నిలిచియున్నారు. శిల్పి వారిని స్తంభముచాటున జెక్కలేదు.

ఇక నొగ్గుకథ నడక చూతము. ప్రధానకథకు డొకడు, వానికి మాట యందిచ్చు తోడివా డొకడు, డోలు తాళము మొదలగువానిని బట్టినవారు కొందఱు. అందఱును నిలుచుండియే యుందురు. డోలు మెడనుండియో భుజమునుండియో వ్రేలాడుటచే దానిని వాయించువాడు నడువగలడు, తిరుగగలడు, ఎగురగలడు. కథకుడు పాట నాపి వచనమున కెక్కునపుడును, వచనమునుండి సంవాదమునకు దిగి తానే తల్లియు, తానే కొడుకు నగునపుడును ఆ మార్పును దెలుపునది డోలు. కథకుని చూపు డోలువానిపై బడుట, వాడు తలయూచుట, దెబ్బ పడుట, ఈ మూడును గన్నవారికే యా దెబ్బ యొక సమాధానమని తెలియును. చెవికి మాత్రమే సోకినపు డది వట్టి చప్పుడు. మిద్దె రాములు (మరణము 2010), చుక్క సత్తయ్య (మరణము 2017) వంటి ప్రసిద్ధకథకుల యభినయమును జనులు మెచ్చిరి. ఆ యభినయమున కెదురుగ నిలిచి బదులిచ్చినవారి పేరు లెందఱికి దెలియును?

గ్రంథపరిష్కర్తలకును నిందు బని గలదు. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయసాహిత్యము' 1958లో వెలువడినది మొదలు ఈ వాఙ్మయము పరిశోధనార్హమను భావము బలపడినది. కథలను సేకరించి వ్రాసికొన్నవారును బలువురు. కాని వ్రాసికొనునపుడు మాటలు దక్క దక్కినవి కాగితమున కెక్కవు. కథకుడు వాక్యమును సగమున విడిచి డోలునకు వదలినచోట వ్రాతప్రతిలో నసమాపకక్రియ వ్రేలాడుచుండును. చదువరి దానిని లేఖకదోషమనుకొని తానొక సమాపకక్రియను జేర్చును. అది దిద్దుబాటు గాదు, చెఱుపు. ఆ తావున 'డోలు' అని యొకమాట వ్రాసిన జాలును. నాటకములలో బాత్రల ప్రవేశనిష్క్రమణములను సూచించుట మన కలవాటే కదా!

బుఱ్ఱకథలో నీ చిక్కు లేదు. తంబుర బట్టిన కథకునికి రెండుప్రక్కల గుమ్మెటలతో వంతలు నిలుతురు. ఒకరిది హాస్యము, వేఱొకరిది లోకవ్యాఖ్య. షేక్ నాజర్ (1920–1997) కథ నెఱిగినవా రెవ్వరును వంతలను వెనుకకు బంపుడని యనరు. వారు నోరు దెఱచి మాటాడుదురు గనుక వారిని బాత్రలుగ నెంచితిమి. డోలువాడు చేతితో మాటాడును గనుక వానిని బనివానిగ నెంచుచున్నాము.

డోలుధ్వని కథకుని మాటను మ్రింగునని యొక యాక్షేపము గలదు. అది త్రోసివేయదగినది కాదు. నాలుగుగోడల మందిరమున నది నిజమే. అయినను వెనుకకు నెట్టినంతమాత్రమున డోలు మెత్తబడదు. గోడ దాని ధ్వనిని మరల ముందునకే త్రోయును. కథకుని వస్త్రమునకు జిన్న మైకు దగిలించి, డోలువారిని మైకు లేకుండ వాని కిరుప్రక్కల నర్ధచంద్రాకారముగ నిలిపినచో మాటయు వినబడును, మొగములును గనబడును. అప్పు డాహ్వానపత్రికలో వారి పేరులుగూడ నచ్చువేయింపవలసివచ్చును; అందులకు గావలసినది రెండు పంక్తుల చోటు.